హుసేన్ ఖాన్‌కు దోమకొక అణా

అబ్బా గుండె ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి పదకొండు దాటాక నర్సు ఒక కాగితాల కట్ట తెచ్చింది. "పేషెంట్ తాలూకు ఎవరండీ? టిక్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టండి" అంది. ఏడో ఎనిమిదో పేజీలు, అన్నీ ఇంగ్లీషులో. నేను ఎం.ఎ. చదివినవాణ్ణి. ఒక్క పేజీ కూడా చదవలేదు. పక్క బెంచీ మీద అమ్మీ తస్బీహ్ తిప్పుతోంది. ఆ సమయంలో ఇల్లు రాసిమ్మన్నా రాసిచ్చేవాణ్ణేమో!

ఆపరేషన్ బాగా జరిగింది, అల్హందులిల్లాహ్. రెండు నెలల తర్వాత ఫైలు సర్దుతుంటే ఆ కాగితాల నకళ్ళు కనబడ్డాయి. అందులో ఒక పేజీ ఆపరేషన్‌కు సంబంధించింది కాదు. అబ్బా రక్తం నమూనా, ఆయన జబ్బు వివరాలు ఏదో పరిశోధనకు వాడుకోవడానికి ఇజాజత్ ఇస్తున్నట్లు ఉంది. కింద నా దస్తఖత్. నష్టమేమీ జరగలేదు. బహుశా మంచి పనికే వాడి ఉంటారు. ఆ సంగతి అబ్బాకు చెబితే ఆయన కాసేపు ఊరుకుని, "ఖూన్ నాది, దస్తఖత్ నీది. ఆ రాత్రి నేను పది అడుగుల దూరంలో మేలుకునే ఉన్నాను కదా బేటా, నన్నెవరూ అడగలేదేం?" అన్నారు.

ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ నేను పాత పుస్తకాల్లో పడ్డాను. మొదట దొరికిన పేరు మన హైదరాబాద్‌దే.

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉంది. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవుల పరిశోధన సంస్థ. చిన్నప్పుడు బడిలో అందరం చదువుకున్నాం. మలేరియా దోమ వల్ల వస్తుందని కనిపెట్టడానికి దారి చూపిన ప్రయోగం ఇక్కడే జరిగింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తారీఖునే ఇప్పుడు ప్రపంచ దోమల దినం అంటున్నాం. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ దోమ తాగిన రక్తం ఎవరిదో మాత్రం బడిలో చెప్పలేదు. ఆ రక్తం హుసేన్ ఖాన్ అనే మరీజ్‌ది.

రాస్ అల్మోరాలో పుట్టిన ఇంగ్లీషు దొర, సైన్యంలో డాక్టర్. 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. మలేరియాకు దోమకు సంబంధం ఉండి ఉంటుందని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్ చెప్పిన మాట పట్టుకుని రెండేళ్ళు దోమల్ని కోసి చూశాడు, ఏమీ దొరకలేదు. అవి వేరే జాతి దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని లార్వాల నుంచి పెంచి, ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి, లోపలికి వదిలారు. నిండా రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక అణా లెక్కన ఆయనకు ముట్టజెప్పారు. నాలుగు రోజుల తర్వాత రాస్ వెతుకుతున్నది దొరికింది. ఆ సంతోషంలో ఆయన పద్యం కూడా రాసుకున్నాడు.

ఇందులో జుల్మ్ ఉందా? తొందరపడి ఔనని అనలేను. హుసేన్ ఖాన్‌కు అప్పటికే మలేరియా ఉంది. పెంచిన దోమల వల్ల ఆయనకు కొత్తగా వచ్చే జబ్బు లేదు, దోమకాటు దురద తప్ప. బలవంతం చేసి పడుకోబెట్టారని కూడా ఎక్కడా లేదు. డబ్బు ఇచ్చారు, తీసుకున్నాడు. ఆ ప్రయోగం వల్ల తర్వాత బతికిన ప్రాణాలకు లెక్కే లేదు. ఇదంతా ఒప్పుకోవాల్సిందే.

కానీ రెండేళ్ళు వెనక్కి, 1895కు వెళితే ఇంకో పేరు ఉంది. లచ్చుమన్. దోమ నీళ్ళలో చచ్చిపోతుంది, ఆ నీళ్ళు తాగిన మనిషికి మలేరియా వస్తుంది అని అప్పట్లో మాన్సన్ ఊహ. దాన్ని పరీక్షించడానికి రాస్ అబ్దుల్ ఖాదర్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమల్ని నీళ్ళలో చావనిచ్చి, ఆ నీళ్ళను లచ్చుమన్‌తో తాగించాడు. లచ్చుమన్ రోగి కాదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు. కొన్ని రోజులకు అతనికి జ్వరం వచ్చింది. రాస్‌కు ఆశ పుట్టింది. తర్వాత మరికొందరి మీద చూస్తే అలా రాలేదు, ఊహ తప్పని తేలింది. మలేరియా మనిషిని చంపే జబ్బని రాస్‌కు బాగా తెలుసు. లచ్చుమన్‌కు ఎంత తెలుసు? అసలు తేడా అంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. డబ్బు ఇచ్చారా లేదా అన్నది కాదు, ఇద్దరికీ ఒకే సంగతి తెలుసా అన్నది.

కాదు, ఆ రోజుల్లో అంతటా ఇలాగే ఉండేది, ఇప్పటి కొలతతో అప్పటి మనుషుల్ని కొలవకూడదు అంటారు కొందరు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 1900లో జరిగిన రెండు సంగతులు చూడండి. హుసేన్ ఖాన్ తర్వాత మూడేళ్ళే.

ఒకటి లండన్‌లో. దోమకాటుతోనే మలేరియా వస్తుందని జనానికి చూపించాలని ఆ మాన్సనే రోమ్ నుంచి మలేరియా దోమల్ని తెప్పించాడు. ఎవరిని కుట్టించాడనుకున్నారు? సొంత కొడుకుని. అతను మెడికల్ కాలేజీ విద్యార్థి. తనకేం జరగబోతోందో, ఏ మందు వేసుకుంటే తగ్గుతుందో అంతా తెలిసి చెయ్యి చాపాడు. జ్వరం వచ్చింది, క్వినైన్ ఇచ్చారు. లచ్చుమన్ జ్వరం, ఈ అబ్బాయి జ్వరం బయటికి ఒకటే. లోపల జమీన్ ఆస్మాన్ ఫరక్.

రెండోది క్యూబాలో. అమెరికా సైన్యం డాక్టర్ వాల్టర్ రీడ్ ఎల్లో ఫీవర్ దోమ వల్ల వస్తుందా అని పరీక్షించడానికి స్పెయిన్ నుంచి వలస వచ్చిన కూలీలను అడిగాడు. వాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాడు. అది వాళ్ళ సొంత భాషలో, స్పానిష్‌లో ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉందని అందులో రాశారు. వంద డాలర్ల బంగారం, జబ్బు పడితే ఇంకో వంద. ఆ కాగితం పూర్తి ఇన్సాఫ్ అని నేను అనను. ఈ దీవిలో ఉంటే ఎలాగూ మీకు ఈ జబ్బు తప్పదు అన్న ధోరణిలో రాశారు. పేదవాడికి వంద డాలర్ల బంగారం చూపించాక కాదనే ధైర్యం ఎంత మిగులుతుందో మనకు తెలుసు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అడగాలి, అడిగే మాట అవతలివాడి భాషలో ఉండాలి అన్న సంగతి 1900 నాటికే డాక్టర్లకు తెలుసు. నూట పాతికేళ్ళ తర్వాత నా చేతికి వచ్చిన కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన రివాయత్ ఉంది. బుఖారీలో హజ్రత్ ఆయిషా (రజి) చెప్పింది. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆఖరి అనారోగ్యంలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ఆయన నోట్లో మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. జబ్బుపడిన మనిషి మందంటే ఇష్టపడడు, అందుకే వద్దంటున్నారనుకున్నారు వాళ్ళు. తెలివి వచ్చాక ఆయన, వద్దని చెప్పలేదా అని నిలదీశారు. అప్పుడు అక్కడ లేని హజ్రత్ అబ్బాస్‌ను తప్ప మిగతా అందరికీ అదే మందు పోయించారు. ప్రేమతో చేసినా, మంచికే చేసినా, మరీజ్ వద్దన్నాక వద్దన్నట్టే. ఫిఖా పుస్తకాల్లో కూడా హకీంకు రోగి ఇజాజత్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే నష్టానికి జిమ్మేదారి తేలుస్తారు. ఇది మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదని చెప్పడానికే ఇంత చెప్పాను.

మళ్ళీ మలేరియా దగ్గరికే వస్తాను, ఎందుకంటే తర్వాతి జుల్మ్ కూడా దోమల చుట్టూనే తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, జర్మనీలోని డాఖావ్ నిర్బంధ శిబిరంలో క్లాస్ షిల్లింగ్ అనే ముసలి డాక్టర్ వెయ్యి మందికి పైగా ఖైదీలకు కావాలని మలేరియా ఎక్కించి, వాళ్ళ మీద మందులు పరీక్షించాడు. ఎంతోమంది చనిపోయారు. 1946లో అతన్ని ఉరితీశారు. విచిత్రం ఏమిటంటే మనుషుల మీద కొత్త చికిత్సలు ప్రయోగించాలంటే వాళ్ళ అనుమతి ఉండాలని 1931లోనే జర్మన్ ప్రభుత్వం నియమాలు రాసింది. కాగజ్ మీద అంతా ఉంది. శిబిరంలో ఖైదీని మనిషిగానే లెక్కపెట్టలేదు కాబట్టి ఆ కాగజ్ అతనికి వర్తించలేదు.

మిగతా నాజీ డాక్టర్ల మీద న్యూరెంబర్గ్‌లో కేసు నడిచింది. 23 మంది ముద్దాయిలు. 16 మంది దోషులుగా తేలారు, ఏడుగురికి ఉరి. అక్కడ ముద్దాయిల వకీళ్ళు ఒక గట్టి సవాల్ వేశారు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం స్టేట్‌విల్ జైల్లో మీరు కూడా వందలమంది ఖైదీలకు మలేరియా ఎక్కించి మందులు పరీక్షించారు కదా, మమ్మల్ని ఎలా తప్పుపడతారు అన్నారు. స్టేట్‌విల్ ఖైదీలు సంతకాలు పెట్టారు, డబ్బు తీసుకున్నారు. నాజీ శిబిరానికీ దానికీ పోలికే లేదు, నిజం. కానీ నాలుగు గోడల మధ్య ఉన్నవాడి మర్జీ ఎంతవరకు మర్జీ అన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

1947 ఆగస్టు 20న శిక్షలు ప్రకటించారు. రాస్ దోమ కడుపులో మలేరియాను చూసిన రోజుకు సరిగ్గా 50 ఏళ్ళు. ఆ తీర్పులోనే పది సూత్రాలు రాశారు. న్యూరెంబర్గ్ కోడ్ అంటారు. మొదటి సూత్రమే రజామందీ గురించి. ప్రయోగానికి ఒప్పుకునే మనిషికి ఒప్పుకునే హక్కు, అర్హత ఉండాలి. బలవంతం, మోసం, ఆశపెట్టడం ఉండకూడదు. ఏం చేయబోతున్నారో, ఎంత ప్రమాదమో తెలియాలి. తెలియడమే కాదు, అర్థం కావాలి. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చేసి దీన్ని డాక్టర్ల నియమంగా మార్చింది.

అమెరికా జడ్జీలు ఈ సూత్రాలు రాస్తున్నప్పుడే అమెరికాలోనే టస్కిగీలో 1932లో మొదలైన అధ్యయనం నడుస్తూనే ఉంది. 399 మంది సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులు. వాళ్ళ జబ్బేమిటో వాళ్ళకు చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. వేడి భోజనం, చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు, అంతే. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా 40 ఏళ్ళు సాగింది.

ఇక మన దగ్గరికి. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పథకం. సుమారు 14 వేల మంది పిల్లలు. చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. గుజరాత్‌లో వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి అడిగాయి, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ కథ వేరేగా తిరుగుతోంది. ఆ మరణాలు టీకా వల్ల కాదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. పాముకాటు, నీళ్ళలో మునిగిపోవడం, పురుగుల మందు, మలేరియా లాంటి కారణాలు చూపింది. ఆ టీకాను చాలా దేశాల్లో వేస్తున్నారు, అది క్యాన్సర్‌ను ఆపుతుంది. నా కూతురికి నేను వేయించాను. నా గొడవ మందుతో కాదు.

నా గొడవ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో బయటపెట్టిన లెక్కతో. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 పత్రాల మీద అంగూఠా, అంటే వేలిముద్ర. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేయడం తప్పు కాదు, మా నానీమా జీవితమంతా వేలిముద్రే వేసింది. వేసేముందు వాళ్ళకు ఎవరు చదివి వినిపించారు? పక్కన గవా ఎవరున్నారు? తల్లిదండ్రులు బతికుండగా వార్డెన్ ఏ హక్కుతో పెట్టాడు? ఇది మందుల ప్రయోగమే కాదు, ఆమోదం పొందిన టీకా ఎలా వేయాలో చూసే పథకమని పాత్ సంస్థ వాదించింది. సంఘం ఒప్పుకోలేదు. ప్రయోగమని పిలవకపోతే ప్రయోగం నియమాలు వర్తించవు. పేరు మార్చి జిమ్మేదారి తప్పించుకోవడం మనకు కొత్త కాదు.

2011లో పిడుగురాళ్ళ మహిళలు డబ్బు ఆశతో మియాపూర్‌లోని ఒక ల్యాబ్‌కు వచ్చి క్యాన్సర్ మందు ప్రయోగానికి ఒంటిని అప్పగించారని బయటపడింది. అందులో చాలామంది చదువుకోనివాళ్ళు. 2017లో జమ్మికుంట వైపు కుర్రాళ్ళు ఇలాగే బెంగళూరు, హైదరాబాద్ ల్యాబులకు వెళ్ళిన కథలు పేపర్లలో వచ్చాయి. అణా పెరిగి వేల రూపాయలైంది. మజ్బూరి అదే.

ఇజాజత్ అడగకపోతే పోయేది ఆ ఒక్క మరీజ్ హక్కే కాదు. రాస్ కథలోనే ఉంది చూడండి. 1898లో ఆయన కలకత్తా వెళ్ళాడు. ప్లేగు టీకాల భయం ఊరంతా ఉన్న రోజులు. ఈ దొర సూదితో ప్లేగు ఎక్కిస్తాడేమోనని జనం వేలు గుచ్చనివ్వలేదు. చివరికి ఆయన పక్షుల మలేరియా మీద పని పూర్తి చేయాల్సి వచ్చింది.

నైజీరియాలోని కానో నగరం సంగతి ఇంకా చేదు. అది ముస్లిం నగరం. 1996లో అక్కడ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) జ్వరం విజృంభించినప్పుడు ఫైజర్ కంపెనీ 200 మంది పిల్లల మీద ప్రయోగం చేసింది. వందమందికి ట్రోవాన్ అనే కొత్త మందు, వందమందికి వాడుకలో ఉన్న మందు. 11 మంది పిల్లలు పోయారు. కొత్త మందు తీసుకున్నవాళ్ళలో ఐదుగురు, పాత మందు తీసుకున్నవాళ్ళలో ఆరుగురు. మందు మంచిదా చెడ్డదా అన్నది ఆ లెక్కతో తేలదు. ఇది ప్రయోగమని మాకెవరూ చెప్పలేదు, దవాఖానాలో వైద్యం అనుకున్నాం అన్నారు తల్లిదండ్రులు. చెప్పామంది కంపెనీ. 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా 2003లో అదే కానోలో పోలియో చుక్కలు ఆపేశారు. అనుమానానికి చాలా కారణాలున్నాయి, ట్రోవాన్ గాయం వాటిలో ఒకటి. పోలియో అక్కడి నుంచి వేరే దేశాలకు కూడా పాకింది. ఎవరి తప్పుకు ఎవరి పిల్లలు కుంటివాళ్ళయ్యారో చూడండి. మా గల్లీలో పోలియో చుక్కల ఆడపిల్ల తలుపు కొడితే లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకునే ఖాలాను నేను నవ్వులాటగా తీసుకునేవాణ్ణి. ఇప్పుడు అలా తీసుకోలేకపోతున్నాను. ఆమె భయం తప్పే, కానీ ఊరికే పుట్టింది కాదు.

ఖమ్మం గొడవ, సుప్రీంకోర్టులో కేసుల తర్వాత నియమాలు గట్టిపడ్డాయి. 2013లో ప్రయోగాల్లో అనుమతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలన్నారు, తర్వాత దాన్ని కొన్ని రకాల ప్రయోగాలకు తగ్గించారు. ఇప్పుడు నడుస్తున్నవి 2019 నాటి కొత్త మందుల నియమాలు. మనకర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రాకపోతే ప్రయోగంతో సంబంధం లేని గవా ఎదురుగా ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా వద్దని వచ్చేయొచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. నష్టం జరిగితే చికిత్స, పరిహారం ఇవ్వాలి. సంతకం చేసిన కాగితం నకలు మన చేతికి ఇవ్వాలి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కాగితం వస్తే వీటిలో ఒక్కటైనా అడిగి చూడండి. అడిగితే డాక్టర్ నారాజ్ అవుతాడేమోనని మనకో భయం. నాకూ ఉంది.

పోయిన నెల అబ్బాను చెకప్‌కు తీసుకెళ్ళాను. మళ్ళీ ఒక కాగితం. అబ్బా కళ్ళజోడు పెట్టుకుని, "ఇందులో ఏముందో తెలుగులో చెప్పమ్మా" అన్నారు. ఆ జూనియర్ డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని పది నిమిషాలు చెప్పింది. వెనక లైన్లో జనం సణుగుతున్నారు. అబ్బా మూడు చోట్ల సంతకం పెట్టారు, ఉర్దూలో. నాలుగోది, రక్తం పరిశోధనకు ఇచ్చేది, దాని మీద మరో రెండు ప్రశ్నలడిగి, అదీ పెట్టారు.

ఈ వ్యాసం మీ ముందు పెట్టేముందు ఆయనకు చదివి వినిపించాను. హుసేన్ ఖాన్ దగ్గర ఆపమన్నారు. దోమలు, నోబెల్ ఏవీ అడగలేదు.

"మరి ఆ ఖాన్ సాబ్‌కు బుఖార్ తగ్గిందా?" అన్నారు.